నాలుగు లోపలే ఉన్నది

ఈమధ్య ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పమన్నారు. ఏదో ప్రాణం నిలబెట్టిన కథ చెబుతానని వాళ్ళు ఎదురుచూస్తున్నట్టు మొహాలు చూస్తేనే తెలిసింది. అలాంటివి లేకపోలేదు. కానీ నా మనసు ఎప్పుడూ వెళ్ళి ఆగేది ఒకే చోట. నేను మూడేళ్ళ పాటు నవ్వుతూ చెప్పిన ఒక తప్పు మాట దగ్గర. ఆరోజు టీ చల్లారిపోయేలోగా వాళ్ళకు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయను. ఉన్నవాళ్ళు ఉన్నారు, పోయినవాళ్ళకు ఇంట్లోవాళ్ళు ఉన్నారు.

నేను పనిచేసింది కరీంనగర్‌లో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో. మాది పెద్దపల్లి దగ్గర పల్లె. బాపు పొలాల్లో కూలికి పోయేవాడు. మా మెథడిస్టు సంఘం పాస్టరమ్మ నన్ను పట్టుబట్టి ఈ చదువుకు పంపింది. చేరిన కొత్తలో ల్యాబ్ అంటే రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, కిటికీ పక్కన స్పిరిట్ దీపం. ఆ దీపం మీదే బీకరులో చాయ్ మరిగేది. ఇప్పటి పిల్లలు వింటే ముక్కు మూసుకుంటారు గానీ అంత రుచిగల చాయ్ మళ్ళీ తాగలేదు. పెద్ద డాక్టరు, అంటే మా రిపోర్టుల మీద సంతకం పెట్టే పెథాలజిస్టు, మధ్యాహ్నం వచ్చేవారు. ఒక చేత్తో చాయ్ గ్లాసు, ఇంకో చేత్తో సంతకాలు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి రిపోర్టుల కట్ట అయిపోవాలి. అదీ ఆయన లెక్క.

ఆసుపత్రికి ఒకే అంబులెన్సు, ఒకే డ్రైవరు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. నెలకోసారి ఆదిలాబాద్ వైపు ఊళ్ళలో క్యాంపు ఉండేది. తెల్లవారుతుండగానే బయల్దేరేవాళ్ళం. జూనియర్ డాక్టర్లు వెనక సీట్లో నిద్రపోతే ముందు సీట్లో నేను, నా కాళ్ళ దగ్గర రక్తం గొట్టాల ఐసు డబ్బా. జగిత్యాల దాటాక ఆయన గొంతు విప్పేవాడు. భజన పాట ఒకటి పాడితే, "ఇగ మీ చర్చి పాట ఒకటి అందుకో చెల్లె, బండికి నిద్రొస్తున్నది" అనేవాడు. నిర్మల్ ఘాట్ దగ్గర ఆడవాళ్ళు ఆకు దొన్నెల్లో తునికి పండ్లు అమ్మే రోజుల్లో ఆపకుండా పోయింది లేదు. సీతాఫలాల కాలంలో అయితే తిరుగు ప్రయాణంలో మందుల వాసన మీద పండ్ల వాసన గెలిచేది. ఆ దారిలో ఎన్నిసార్లు పోయి వచ్చామో లెక్క లేదు. నా ఉద్యోగంలో దేన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది అని అడిగితే ఆ ముందు సీటే చెబుతాను.

అసలు సంగతికి వస్తాను. సర్వీసు చివరి పదేళ్ళలో యాభై దాటిన మగవాళ్ళకు పి.ఎస్.ఎ. పరీక్ష మొదలుపెట్టాం. మూత్రాశయం కింద ఉసిరికాయంత గ్రంథి ఉంటుంది, ప్రోస్టేట్ అంటారు. అది విడుదల చేసే ఒక పదార్థం రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్ష అది. నాలుగు లోపల ఉంటే మామూలు, దాటితే డాక్టరుకు చూపించుకోవాలి. మాకు నేర్పింది అంతవరకే. దాటినవాళ్ళ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండేవాళ్ళం. ఒకసారి ఒక ముసలాయనకు ఇరవై రెండు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఏడుపు. పెద్ద డాక్టరు వచ్చి ఆరా తీస్తే, అంతకు రెండు రోజుల ముందే మూత్రం బిగుసుకుపోయి ఎక్కడో గొట్టం వేయించుకున్నాడని, ఇన్ఫెక్షన్ కూడా వచ్చిందని తేలింది. ఇన్ఫెక్షన్ తగ్గాక రెండు నెలలకు మళ్ళీ చేస్తే మూడు కూడా లేదు. అంటే పెద్ద అంకె అబద్ధం చెప్పగలదని మాకు తెలుసు. చిన్న అంకె కూడా చెప్పగలదని మాత్రం ఎవరమూ అనుకోలేదు. నాలుగు లోపల వచ్చినవాళ్ళ కాగితం మీద 'నార్మల్' అని రబ్బరు ముద్ర కొట్టి పంపేవాళ్ళం. ఆ ముద్ర నా బల్ల మీదే ఉండేది.

డ్రైవర్లకు ఏడాదికోసారి పరీక్షలు చేయించాలని ట్రస్టు వాళ్ళ నియమం. మా డ్రైవరన్న మొదటి ఏడు రక్తం ఇచ్చి సాయంత్రం కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నది చెల్లె? పాసా, ఫెయిలా?"

చూశాను. ఒకటి పాయింట్ నాలుగు.

"పాసే అన్నా. నాలుగు లోపలే ఉన్నది."

మరుసటి ఏడు రెండు పాయింట్ రెండు. మళ్ళీ పాసే. మూడో ఏడు మూడు పాయింట్ ఆరు. ఆయన కాగితం తీసుకుని వెంటనే వెళ్ళిపోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"మొదలు ఒకటి పాయింట్ నాలుగు, నిరుడు రెండు పాయింట్ రెండు, గీయేడు మూడు పాయింట్ ఆరు. ఎక్కుతనే ఉన్నది గదనే చెల్లె?"

"నీకు అంకెలన్నీ యాదున్నయా అన్నా?"

"మీటరు చూసుడే నా పని గద. ఇంజన్ వేడి ముల్లు ఎక్కుతుంటె నేనైతే ఎర్ర గీత దాటేదాక ఆగ. పక్కకు ఆపి బానెట్ లేపుత."

"నీ ఒళ్ళు ఇంజనా ఏంది? నాలుగు దాటనియ్యి, అప్పుడు లేపుదాం బానెట్" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. రక్తం తీసే ముందు మేం నింపే ఫారంలో 'ప్రస్తుతం వాడుతున్న మందులు' అని ఒక గడి ఉండేది. ఉదయం వరస తలుపు దాటి వరండా దాకా ఉంటుంది కదా, ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీసి ముందుకు పోయేదాన్ని. నా తర్వాత చేరిన వాళ్ళు కూడా నన్ను చూసి గీతలు గీయడమే నేర్చుకున్నారు.

ఆ ఏడు చలి మొదలైన రోజుల్లో ఆదిలాబాద్ దగ్గర ఒక బడిలో రెండు రోజుల క్యాంపు పెట్టారు. పత్తి తీసే కాలం. చేన్ల నుంచి నేరుగా వచ్చిన మగవాళ్ళ చొక్కాలకు దూది పోగులు అంటుకుని ఉన్నాయి. జూనియర్ డాక్టర్లు రెండో రోజుకు ఆగిపోయారు. మొదటి రోజు తీసిన రక్తం చెడిపోకముందే నేను కరీంనగర్ చేర్చాలి. బయల్దేరే ముందు అంబులెన్సు నీడలో కూర్చుని ఆయనా నేనూ జొన్నరొట్టె, పచ్చికారం తిన్నాం.

ఆ నెలలోనే పి.ఎస్.ఎ. కిట్టు కంపెనీ మారింది. కొత్త కిట్టులో పద్ధతి కొంచెం వేరుగా ఉందని, దారిలో చదువుకోవచ్చని డబ్బాలోని కాగితం వెంట తెచ్చుకున్నాను. ఏ కిట్టులోనైనా అలాంటి కాగితం ఉంటుంది. చీమ తలంత అక్షరాలు, నాలుగు మడతలు. ఎన్ని చుక్కలు వెయ్యాలి, ఎంతసేపు ఆగాలి అన్నది మొదటి పేజీలోనే ఉంటుంది. అది చదివితే పని జరుగుతుంది. అన్నేళ్ళలో నేను రెండో పేజీ విప్పింది లేదు. ఆరోజు తినడం అయిపోయి, బండి చల్లారాలని ఆగాం కాబట్టి, ఊరికే తిప్పాను.

రెండో పేజీలో ఈ పరీక్ష ఎక్కడెక్కడ పొరపాటు చూపించవచ్చో రాసి ఉంది. గొట్టం వేసినప్పుడు పెరుగుతుంది, తెలుసు. ఇన్ఫెక్షన్ ఉంటే పెరుగుతుంది, తెలుసు. దాని కిందే ఇంకో వాక్యం. ప్రోస్టేట్ వాపు తగ్గించే ఫలానా మందులు కొన్ని నెలలు వాడినవాళ్ళలో ఈ అంకె సుమారు సగానికి పడిపోతుంది, దాన్ని రెట్టింపు చేసి చూడాలి, మందు వాడుతుండగా అంకె పెరుగుతూ పోతే తప్పక ఆరా తీయాలి అని. రెండు మందుల పేర్లు ఇచ్చారు.

నేను తలెత్తేసరికి ఆయన చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి ఒక గోలీ నోట్లో వేసుకున్నాడు. నీళ్ళ సీసా అందించాను. అందించాను అని రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అన్నం తిన్న తర్వాత ఆయన గోలీ వేసుకోవడం, నేను నీళ్ళు అందించడం మూడు నాలుగేళ్ళుగా జరుగుతున్న పనే. ఏం గోలీ అని ఒక్కసారి అడగలేదు.

"అన్నా, గదేం గోలీ?"

"ఒంటేలు సాఫ్‌గ వచ్చెతందుకు. బయట డాక్టరు రాసిండు, ఎన్నడో. మంచిగ పని చేస్తున్నది. దీనికి ముందు ఘాట్ ఎక్కేలోపు రెండుసార్లు దిగెటోన్ని, నీకు యాదిలేదా?"

"ఏదీ, అట్ట చూపియ్యి."

అట్ట వెనక ఉన్న పేరు, నా ఒళ్ళోని కాగితంలో ఉన్న పేరు ఒకటే.

మూడు పాయింట్ ఆరు రెట్టింపు చేస్తే ఏడు పాయింట్ రెండు. అదీ మూడేళ్ళుగా పెరుగుతూ వచ్చింది. లెక్క చేయడానికి క్షణం పట్టలేదు. నోరు తెరవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. ముందు నాలుగు గంటల దారి ఉంది, ఘాట్ ఉంది, స్టీరింగు ఆయన చేతుల్లో ఉంది. అట్ట తిరిగి ఇచ్చి బండెక్కాను.

ఆరోజు ఘాట్‌లో ఆయన పాట పాడాడు. నేను అందుకోలేదు. నిర్మల్ దాటాం, సోన్ దగ్గర గోదావరి వంతెన దాటాం. మామూలుగా అక్కడ నీళ్ళు కనబడితే దణ్ణం పెట్టుకునేవాడు, ఆరోజూ పెట్టుకున్నాడు. ఇంకాస్త దూరం పోయాక ఒక చాయ్ హోటల్ ముందు బండి పక్కకు తీసి ఇంజను ఆపేశాడు.

"ఏమైంది అన్నా?"

"నేనే అడగాలె గా మాట. ఆదిలాబాద్ సంది చూస్తున్న, నోట్లె మాట లేదు. ఇంటికాడ ఎవరికన్న పానం బాగలేదా?"

ఇక దాచలేకపోయాను.

"నీ రిపోర్టు తప్పు చెప్పిన అన్నా."

"మిషను తప్పు చూపెట్టిందా?"

"మిషను సరిగ్గనే చూపెట్టింది. నేనే తప్పు చెప్పిన. నువ్వు మింగే గోలీ గా అంకెను సగానికి కిందికి గుంజుతది. మూడు పాయింట్ ఆరు అంటె ఏడు దాటినట్టు."

ఆయన స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి ముందుకు చూశాడు. హోటల్ ముందు ఒక మేక అరటి తొక్కలు తింటోంది. దానివైపే చూస్తూ అడిగాడు.

"అంటే క్యాన్సరా?"

"గట్ల చెప్పొద్దు. వాపుకు కూడ పెరగొచ్చు. ఇంకా పరీక్షలు చేస్తెనే తెలుస్తది. కని చూపెట్టుకోవాలె. జల్ది చూపెట్టుకోవాలె."

"నీకెప్పుడు ఎరుకైంది?"

"పగటీలి బువ్వ తిన్నప్పుడు."

"గప్పటి సంది కడుపుల పెట్టుకోని కూసున్నవా?" అని నావైపు తిరిగాడు. "ఘాట్ల చెప్తె లోయలకు తిప్పుతనని భయపడ్డవు గదా?"

"అవ్" అన్నాను.

పెద్దగా నవ్వాడు. "నలభై ఏండ్ల డ్రైవింగు నాది. గింతేనా నామీద నమ్మకం!" ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. దిగి బండి చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశాడు. మళ్ళీ ఒకసారి తిరిగాడు. చాయ్ తాగలేదు. కరీంనగర్ చేరాం. ఐసు డబ్బా దించి లోపల పెట్టి, "పోయొస్త" అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఆయన రాలేదు. ఆయన భార్య వచ్చింది. బీడీలు చుట్టే మనిషి, వేళ్ళకు తునికాకు వాసన. మూడేళ్ళ కాగితాలూ ప్లాస్టిక్ సంచిలో పెట్టి తెచ్చింది. రిపోర్టులతో పాటు మేం కుట్టి ఇచ్చిన ఫారాలు నా బల్ల మీద పరిచి ఆ మందుల గడి మీద వేలు పెట్టింది.

"గీ అడ్డగీత ఎవలు గీసిండ్రు?"

"నేనే వదినా."

"అన్నిట్ల నువ్వేనా?"

"నేనే."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఆదిలాబాద్ దాక నీ పక్కన ఎన్నిసార్లు కూసున్నడు మా ఆయన? తునికి పండ్ల మీద ముచ్చట పెట్టుకుంటిరి, సీతాఫలాల మీద పెట్టుకుంటిరి. గోలీ ఎందుకు మింగుతున్నవన్నా అని ఒక్క మాట అడగకపోతివి గదా" అంది. కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టుకుని, "ఇప్పుడు యాడికి తోలుకపోవాలెనో గదన్న సక్కగ చెప్పు" అని నిలబడింది.

అప్పటికే పొద్దున్న పెద్ద డాక్టరును ఇంటికి వెళ్ళి కలిశాను. కిట్టు కాగితం, మూడు రిపోర్టుల ల్యాబ్ కాపీలు ఆయన ముందు పెట్టాను. అద్దాలు పెట్టుకుని రెండో పేజీ రెండుసార్లు చదివారు. రిపోర్టులు వరసగా పెట్టుకుని చూశారు. తర్వాత ఒక రిపోర్టు కింద వేలు పెట్టి అడిగారు.

"ఈ సంతకం ఎవరిది?"

"మీదే సార్."

"మరి నువ్వొక్కదానివే ఏడుస్తున్నవెందుకు? ఈ మందు సంగతి చదువుకున్నోన్ని నేను. నేను అడగలే. ముగ్గురు మనుషులవి అనుకున్నట్టు మూడు కాగితాల మీద మూడుసార్లు సంతకం పెట్టిన." అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "పద. ముందు ఆయనను హైదరాబాద్ పంపుదాం. తర్వాత పాత రిజిస్టర్లన్నీ తీయి. ఆయనొక్కడే కాడు."

ఆయనొక్కడే కాడు అన్న మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. మధ్యాహ్నం ల్యాబ్‌కు రాగానే డాక్టరు నా బల్ల మీది నార్మల్ ముద్రను తీసి చెత్తబుట్టలో వేశారు. మూడేళ్ళ రిజిస్టర్లు తిరగేసి, రెండు దాటి నాలుగు లోపల ఉన్నవాళ్ళను ఏరాం. చాలామంది ఫోనులో దొరికారు. మాత్రల పేరు చదివి వినిపించమంటే చదివారు, సంబంధం లేనివే ఎక్కువ. దొరకని వాళ్ళు కొందరు మిగిలారు. వాళ్ళ ఊళ్ళకు పోవాలి.

డ్రైవరన్న హైదరాబాద్‌లో స్కానింగు, ముక్క పరీక్ష చేయించుకుని వచ్చాడు. ఫలితం రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. వచ్చిన మూడో రోజే ఆసుపత్రి గేటు దగ్గర అంబులెన్సు కడుగుతూ కనబడ్డాడు.

"అన్నా, నీకు సెలవిచ్చిండ్రు గద?"

"ఇంట్ల కూసుంటె గోడలు మీదికొస్తున్నయి. గా దొరకనోళ్ళ చిట్టి తే. ఎవరు తోల్తరు నిన్ను? నా జాగల పెట్టిన కొత్త పోరనికి తొవ్వలు తెల్వయి."

కుదరదన్నాను. వినలేదు. అలా ఆ రెండు వారాలూ, ఎవరికి నేను తప్పు చెప్పానో ఆ మనిషే నన్ను ఊరూరా తిప్పాడు. మొదట పాటలు లేవు. మూడో రోజు నుంచి సన్నగా ఏదో కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. జమ్మికుంట పత్తి మార్కెట్లో కాంటా దగ్గర పనిచేసే పెద్దమనిషిని దూది బస్తాల మధ్య వెతికి పట్టుకున్నాం. ఆయన కూడా అదే గోలీ మింగుతున్నాడు. భయపడిపోయిన ఆయన భుజం మీద చెయ్యి వేసి డ్రైవరన్నే చెప్పాడు, "పరేషాన్ గాకు కాకా. నాది గదే కథ. జర చూపెట్టుకో, గంతే." ఆ తర్వాత పరీక్షల్లో ఆయనకు వాపు తప్ప మరేమీ లేదని తేలింది.

సుల్తానాబాద్ దగ్గర పల్లెలో మేం వెతికిన మనిషి దొరకలేదు. ఇంటి ముందు రోడ్డు మీద వడ్లు ఆరబోసి, ఒకావిడ పాదాలతో తిరగేస్తోంది. పేరు చెప్పి అడిగాను.

"ఆయన క్యాన్సరు తోటి పోయి పది నెలలాయె" అంది.

మా క్యాంపులో ఆయన రక్తం ఇచ్చింది రెండేళ్ళ కిందట. అంకె మూడు పాయింట్ ఒకటి. అడిగితే లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో నేను ముద్ర కొట్టిన కాగితం ఉంది. దాని కింద మాత్రల అట్టలు, ఒకదానిలో ఇంకా నాలుగు గోలీలు మిగిలి ఉన్నాయి. పేరు చూశాను. అదే.

తిరిగి పోవచ్చు. ఏదో సర్వే అని చెప్పి బండెక్కవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. డ్రైవరన్న నావైపు చూశాడు. నేను ఆమెకు అంతా చెప్పాను. గోలీ సంగతి, సగం సంగతి, నేను అడగని ప్రశ్న సంగతి. అప్పుడే తెలిసి ఉంటే బతికేవాడా అంటే ఆ మాట ఎవరమూ గట్టిగా చెప్పలేమని కూడా చెప్పాను. ఎందుకంటే అదీ నిజమే.

"నడుములు గుంజుతున్నయి, ఎముకలు నొస్తున్నయి అంటుండె" అంది ఆమె. "పొలం పని అనుకున్నం. దవాఖానకు పోదాం పా అంటె, మొన్ననే రక్తం చూసిండ్రు, ముద్ర కొట్టిచ్చిండ్రు, నాకేం లేదంటుండె. కాయితం తీసి చూపెట్టెటోడు."

నేను ఆ కాగితం మడిచి డబ్బాలో పెట్టాను.

"గిది చెప్పెతందుకే వచ్చిండ్రా ఇంత దూరం?"

"అవ్ అమ్మా."

ఆమె మళ్ళీ వడ్లలోకి దిగి నడవడం మొదలుపెట్టింది. పొమ్మనలేదు, కూర్చోమనలేదు. డ్రైవరన్న చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడిచి రెండో కొస నుంచి తానూ వడ్లు తిరగేశాడు. నేనూ దిగాను. ముగ్గురం ఆ వడ్లన్నీ ఒక దఫా తిరగేశాం. వెళ్ళొస్తామంటే ఆమె తల ఊపిందో లేదో నాకు తెలియలేదు.

రెండు వారాలు దాటాక డ్రైవరన్న ఫలితం వచ్చింది. కవరు చించకుండానే భార్యతో సహా ల్యాబ్‌కు తెచ్చాడు. పెద్ద డాక్టరు చెయ్యి చాపితే, "మీరు చూడుండ్రి సార్, కని మొదలు చెల్లె సదవాలె" అన్నాడు. చివరి అక్షరం దాకా చదివాను. క్యాన్సరే. అయితే గ్రంథి దాటి పోలేదు. డాక్టరు ఆ మాట వాళ్ళకు మూడు రకాలుగా విడమరిచి చెప్పారు. వదిన కొంగుతో మొహం తుడుచుకుని, నా చేతిలోంచి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. ఆరోజు తర్వాత నాతో మళ్ళీ మునుపటిలా మాట్లాడటానికి ఆమెకు ఏడాది పట్టింది. నేను తొందరపెట్టలేదు.

కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడానికి అన్న ఏడు వారాలు హైదరాబాద్‌లో ఉన్నాడు. హార్మోను ఇంజక్షన్ల వల్ల ఒళ్ళంతా సెగలు వస్తున్నాయని, ముట్లుడిగేటప్పుడు ఆడవాళ్ళకు వచ్చే కష్టం తనకూ వచ్చిందని ఫోనులో నవ్వేవాడు. ఇప్పటికి ఏడేళ్ళు దాటింది. బాగున్నాడు. బండి తోలడం మానేసి ఊళ్ళో బర్రెలను మేపుతున్నాడు. బర్రెలకు బ్రేకులు లేవని ఆయన కొత్త ఫిర్యాదు. క్రిస్మస్‌కు ఇద్దరూ మా ఇంటికి వచ్చి భోంచేసి వెళ్తారు.

ఆ తర్వాత ల్యాబ్‌లో మా పద్ధతి మారింది. పరీక్షకు వచ్చే ప్రతి మనిషినీ ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో తెమ్మనేవాళ్ళం. ఒకాయన కోళ్ళకు వేసే మందు కూడా తెచ్చాడు. పాత అంకె పక్కనే కొత్త అంకె రాసేవాళ్ళం. వరస కదలడం లేదని రోజూ తిట్లు తిన్నాం. తిట్లు తినండి, పిల్లలూ. మీకు చెప్పగలిగింది అంతే.

నా ఉద్యోగం ఇంకో ఏడాదిలో అయిపోతుందనగా, ఒక ఉదయం వరసలో సుల్తానాబాద్ ఆవిడ కనబడింది. పక్కన నలభై ఐదేళ్ళ మనిషి. చేతిలో అదే బిస్కెట్ల డబ్బా.

"నా కొడుకు. మస్కట్ల ఉంటడు, సెలవు మీద వచ్చిండు. బాపుకుంటె కొడుకులకు కూడ జర ఎక్కువ వచ్చేది ఉంటదట గద, టీవీల చెప్పిండ్రు" అంది. "పెద్దపల్లిలనే చేపిస్తమన్నడు. నేనే ఇటు తోలుకొచ్చిన. ఈని రక్తం నువ్వే తియ్యి."

ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో వినే ధైర్యం లేదు. అతణ్ని కూర్చోబెట్టి ఫారంలో ఒక్క గడి వదలకుండా అడిగాను. ఏ గోలీలు, ఎప్పటి నుంచి, మూత్రంలో మంట ఉందా, ఈమధ్య జ్వరం వచ్చిందా. తల్లి పక్కనే నిలబడి నా పెన్ను వంకే చూసింది. సాయంత్రం అంకె వచ్చింది. సున్నా పాయింట్ తొమ్మిది.

"నార్మలేనా మేడం?" అన్నాడు కొడుకు.

"ఇయ్యాల్టికి భయం లేదు బిడ్డా. కని ఒక్క కాయితం తోటి చెప్పుడు కాదు. మళ్ళొచ్చే యేడు ఇంకొకటి చేపిచ్చి, రెండు పక్కపక్కన పెట్టి చూడాలె."

తల్లి అడ్డు వచ్చింది. "మళ్ళొచ్చే యేడు నువ్వు ఈడనే ఉంటవా?"

"లేనమ్మా. రిటైరయిత."

"మరి ఇల్లు యాడ?"

కవరు వెనక రాసి ఇచ్చాను. మాట వరసకు అడిగిందనుకున్నాను. కానీ ఆ కొడుకు సెలవు మీద వచ్చిన ప్రతిసారీ, ఎక్కడ పరీక్ష చేయించినా, ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ మా గడప తొక్కుతారు. పోయిన నెల నాలుగోసారి వచ్చారు. మా ల్యాబ్‌లో ఇచ్చిన మొదటిదానితో కలిపి కాగితాలు ఐదూ బల్ల మీద వరసగా పరిచాను. కొడుకు సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటాడు. ఆమె మాత్రం నా ఎదురుగా నిలబడే ఉంటుంది. నేను మొదటి కాగితం నుంచి చివరి దాకా చదివి తలెత్తేదాకా, ఎంత చెప్పినా కూర్చోదు.